ఎకనామిక్స్ డిగ్రీ మధ్యలో ఏడాది ఉద్యోగం: ప్లేస్‌మెంట్ ఇయర్ చేసొచ్చాక నా రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తాను. ఉద్యోగానికి 5కి 4.5. దాని పేరుతో యూనివర్సిటీ ఫీజు తీసుకుని చేసిన సేవకి 5కి 2. రెండూ ఒకే ప్యాకేజీలా అమ్ముతారు కాబట్టి విడదీసి చెప్పాల్సి వస్తోంది.

మన దగ్గర ప్లేస్‌మెంట్ అంటే చదువు అయిపోయాక క్యాంపస్‌లో ఉద్యోగం రావడం. ఇంగ్లాండ్‌లో అర్థం వేరు. మూడేళ్ల డిగ్రీలో రెండో ఏడు అయ్యాక ఏదో ఒక సంస్థలో దాదాపు ఏడాది పనిచేసి, తిరిగొచ్చి చివరి ఏడు చదవడం. చదువు, పని, మళ్లీ చదువు కాబట్టి దీన్ని శాండ్‌విచ్ కోర్సు అని కూడా అంటారు. మొత్తం నాలుగేళ్లు. ఈ లెక్క ఫోన్లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట, "అంటే నీతో చేరినవాళ్లు నీకంటే ముందు బయటికొచ్చేస్తారా?" అవును, వచ్చేశారు. ఆ బాధ సంగతి చివర్లో చెప్తాను.

నేను 2024 జూలై నుంచి 2025 జూన్ చివరిదాకా లండన్‌లో ఒక చిన్న ఎకనామిక్ కన్సల్టెన్సీలో, అంటే సంస్థలకి ఆర్థిక లెక్కలు కట్టి సలహాలిచ్చే చోట, చేశాను. పేరు చెప్పను. ముప్పైమంది ఉండే ఆఫీసు, పేరు చెప్తే నేనెవరో కూడా తెలిసిపోతుంది.

ఖర్చు ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇంట్లో ఒప్పించాల్సింది దానికే. ఇంగ్లాండ్‌లో స్థానిక విద్యార్థులకి ప్లేస్‌మెంట్ ఏడాది ఫీజు పూర్తి ఫీజులో 20 శాతం దాటకూడదు. 2024-25లో పూర్తి ఫీజు 9,250 పౌండ్లు, అంటే ఆ ఏడాదికి 1,850. మనలాంటి విదేశీ విద్యార్థులకి ఆ పరిమితి లేదు, ఒక్కో యూనివర్సిటీది ఒక్కో లెక్క. నాది కూడా ఐదో వంతే తీసుకుంది, కానీ మన ఫీజులో ఐదో వంతు అంటే 4,100 పౌండ్లు. దీనికి తోడు వీసా. నేను చేరింది మూడేళ్ల కోర్సులో. నాలుగేళ్లకి మార్చుకున్నాను కాబట్టి వీసా పొడిగించుకోవాలి. అప్పటికి దరఖాస్తు ఫీజు 490 పౌండ్లు, ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776. మొదట్లోనే "విత్ ప్లేస్‌మెంట్" అని ఉన్న కోర్సులో చేరి ఉంటే ఈ రెండో వీసా గొడవ ఉండేది కాదు. కోర్సు పేజీలో ఆ రెండు పదాలు నాకు అప్పట్లో అలంకారంలా కనిపించాయి.

ఇక వేట. రెండో ఏడు క్లాసులు మొదలవకముందే, అంటే ఆగస్టు, సెప్టెంబర్‌లోనే పెద్ద సంస్థల దరఖాస్తులు తెరుచుకుంటాయి. ఎకనామిక్స్ వాళ్లకి సాధారణంగా కనిపించే దారులు బ్యాంకులు, అకౌంటింగ్ సంస్థలు, కన్సల్టెన్సీలు, ప్రభుత్వం వైపు గవర్నమెంట్ ఎకనామిక్ సర్వీస్ (ప్రభుత్వ శాఖల్లో పనిచేసే ఆర్థికవేత్తల విభాగం), బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ (మన రిజర్వ్ బ్యాంకులాంటిది). నేను నిద్రలేచింది అక్టోబర్ మధ్యలో. అప్పటికే కొన్ని మూసేశారు. గడువు డిసెంబర్ అని రాసి ఉన్నా, సీట్లు నిండగానే తలుపేసేవాళ్లు చాలామంది.

నా ఎక్సెల్ షీటు ఇప్పటికీ ఉంది. 37 దరఖాస్తులు. 15 చోట్ల నుంచి అసలు జవాబు లేదు. మిగతావాటిలో ఎక్కువ శాతం ఆన్‌లైన్ టెస్టు దగ్గరే ఆగిపోయాయి. నిమిషానికో పట్టిక చూసి శాతాలు కట్టడం, అంతే. ఆ తర్వాత రికార్డెడ్ వీడియో ఇంటర్వ్యూ. అవతల మనిషి ఉండడు. తెర మీద ప్రశ్న వస్తుంది, ముప్పై సెకన్లు ఆలోచించుకో, రెండు నిమిషాలు గోడతో మాట్లాడు. మొదటిసారి నేను చివర్లో "థాంక్యూ సర్" అని నమస్కారం కూడా పెట్టాను. ఎవరికి పెట్టానో నాకే తెలీదు.

మనవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. "నీకు స్పాన్సర్‌షిప్ కావాలా?" అని ఫారంలో అడుగుతారు, అంటే నీ వర్క్ వీసాకి సంస్థ పూచీ పడాలా అని. కోర్సులో భాగంగా మార్కులతో ముడిపడిన ప్లేస్‌మెంట్‌ని స్టూడెంట్ వీసా మీదే ఫుల్‌టైమ్ చేయొచ్చు. సెమిస్టర్‌లో వారానికి 20 గంటలు అనే పరిమితి దానికి వర్తించదు. నేను మొదటి ఎనిమిది ఫారాల్లో భయంతో "అవును" కొట్టాను. ఎనిమిదీ పోయాయి. అదే కారణమని రుజువు చేయలేను, కానీ ఎకనామిక్స్ చదివేదాన్ని కాబట్టి అనుమానపడే హక్కు నాకుంది.

నాకు ఉద్యోగం తెచ్చిన ఇంటర్వ్యూ మాత్రం బాగా గుర్తుంది. 2024 ఫిబ్రవరి. ఇద్దరు కూర్చున్నారు. ఒకావిడ అడిగింది: "బస్సు టికెట్ రెండు పౌండ్లు దాటకూడదని ఇంగ్లాండ్‌లో 2023 జనవరి నుంచి పెట్టారు కదా, అది పనిచేసిందో లేదో ఎలా తేలుస్తావు?" నాకు లోపల పండగ. డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ అన్నాను. పథకం ఉన్నచోట మార్పు, లేనిచోట మార్పు, ఆ రెంటికీ తేడా. "లేనిచోటు ఏది?" అంది. పక్కనున్న వేల్స్ అన్నాను. "సరే, అదే ఏడాది వేల్స్‌లో ఇంకేం జరిగింది?" నోరు తెరిచి కూర్చున్నాను. ఆ సెప్టెంబర్‌లో వేల్స్ అంతటా జనావాసాల్లో వేగపరిమితి గంటకి 20 మైళ్లకి తగ్గించారు. కార్లు నెమ్మదిస్తే బస్సు ఎక్కేవాళ్ల లెక్క కూడా మారొచ్చు. నాకు ఆ సంగతి తెలీదని ఒప్పుకుని, అయితే సెప్టెంబర్ ముందు నెలలే తీసుకుంటానన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. తర్వాత ఆవిడే నా మేనేజర్ అయ్యింది.

మొదటి ఆరు వారాలు, నిజం చెప్పాలంటే, బోరు. రిగ్రెషన్లు, అంటే ఒక అంకె మారితే ఇంకోటి ఎంత మారుతుందో తేల్చే లెక్కలు, చేస్తానని వెళ్లినదాన్ని, చేసిందల్లా పట్టికలు శుభ్రం చేయడం. ఒక ఫైల్లో కౌంటీ (జిల్లాలాంటిది) పేరు ఒకలా, ఇంకో ఫైల్లో ఇంకోలా. ఒకడు ఖాళీ గడిలో సున్నా పెడతాడు, ఇంకొకడు గీత పెడతాడు. సున్నా అంటే ఏమీ లేదనా, ఎవరూ చెప్పలేదనా? ఆ తేడా తేల్చడానికి ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది. ఇంకో ఇబ్బంది, అందరినీ పేరు పెట్టి పిలవాలి. డైరెక్టర్‌కి మా నాన్న వయసు ఉంటుంది. పేరు నోట్లోంచి రాక రెండు నెలలు ఆయన్ని "ఎక్స్‌క్యూజ్ మీ"తోనే నెట్టుకొచ్చాను.

నెలకో రోజు మాత్రం మజాగా ఉండేది. ఓఎన్ఎస్, అంటే ఇక్కడి జాతీయ గణాంకాల కార్యాలయం, ద్రవ్యోల్బణం అంకెల్ని పొద్దున్న సరిగ్గా 7 గంటలకి విడుదల చేస్తుంది. ఎనిమిదిన్నర లోపు క్లయింట్లకి ఒక పేజీ వెళ్లాలి. 2024 అక్టోబర్ 16న వచ్చిన సెప్టెంబర్ అంకె 1.7 శాతం. అంతకుముందు నెల 2.2. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ లక్ష్యమైన 2 కంటే కిందికి దిగడం 2021 తర్వాత అదే మొదటిసారి. నేను ఉత్సాహంగా "ధరలు తగ్గాయి" అని రాశాను. మేనేజర్ ఆ మాట మీద ఎర్ర గీత కొట్టి, "తగ్గింది పెరిగే వేగం, ధరలు కాదు" అంది. ఇంటర్ మొదటి ఏడు పాఠం ఇది. పరీక్షలో ఎప్పుడూ తప్పు రాయలేదు. పొద్దున్న 7:20కి, టీ కూడా తాగకుండా రాస్తే తప్పిపోయింది.

ఈ ఏడాది మొత్తానికి నేను ఎవరికైనా చెప్పుకునే పని ఒకటే. 2024 అక్టోబర్ 30 బడ్జెట్.

బ్రిటన్ ఆర్థిక మంత్రి (ఛాన్సలర్) రేచల్ రీవ్స్ ఆ రోజు, ఉద్యోగుల జీతాల మీద యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ అనే పన్నుని 13.8 శాతం నుంచి 15 శాతానికి పెంచుతున్నట్టు ప్రకటించారు, 2025 ఏప్రిల్ నుంచి. ఎక్కువమంది ఆ 1.2 గురించే మాట్లాడారు. అసలు సంగతి రెండో వాక్యంలో ఉంది. ఇంతవరకు ఉద్యోగి జీతం ఏడాదికి 9,100 పౌండ్లు దాటాకే యజమాని ఈ పన్ను కట్టేవాడు. ఇకమీదట 5,000 దాటగానే కట్టాలి.

హోటళ్లు, కేఫ్‌ల సంఘం ఒకటి మా క్లయింటు. వాళ్లకి దీని దెబ్బ ఎంతో లెక్కగట్టాలి. మొదటి డ్రాఫ్టు నాకే ఇచ్చారు. 25,000 జీతం ఉన్న మనిషి మీద పాత పన్ను 2,194, కొత్తది 3,000. తేడా 806, జీతంలో మూడు శాతం పైచిలుకు. అదే వారానికి రెండు రోజులు పనిచేసి ఏడాదికి 9,000 సంపాదించే, 21 ఏళ్లు దాటిన పార్ట్‌టైమ్ పిల్ల మీద పాతది సున్నా, కొత్తది 600. జీతంలో దాదాపు ఏడు శాతం. అంటే శాతం పెంపు అందరికీ తగిలితే, ఆ గీత కిందికి జరపడం మాత్రం తక్కువ గంటలు పనిచేసేవాళ్లని పెట్టుకున్నవాళ్లకి గట్టిగా తగులుతుంది. నేనే కనిపెట్టినట్టు పొంగిపోయి, పైన పెద్ద అక్షరాలతో "చిన్న కేఫ్‌లకే పెద్ద దెబ్బ" అని శీర్షిక పెట్టి పంపాను.

మేనేజర్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "అలవెన్స్ ఎక్కడ?"

ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్ అని ఒకటుంది. యజమాని ఏడాదికి కట్టే ఈ పన్నులో కొంత మొత్తం మాఫీ. అదే బడ్జెట్లో దాన్ని 5,000 నుంచి 10,500కి పెంచారు. పదిమంది పార్ట్‌టైమ్ పిల్లలున్న చిన్న కేఫ్‌కి కొత్త పన్ను 6,000, మాఫీ 10,500. కట్టేది సున్నా. ముందూ సున్నా, ఇప్పుడూ సున్నా. అలాంటి పిల్లలు నలభై మంది ఉన్నచోట 24,000లో మాఫీ పోను 13,500 కొత్తగా మీద పడుతుంది. నా శీర్షిక పూర్తిగా తలకిందులైంది. దెబ్బ చిన్నవాళ్లకి కాదు, మధ్యరకం వాళ్లకి.

అదృష్టం, అది క్లయింటు దగ్గరికి వెళ్లలేదు. ఆవిడ తిట్టలేదు కూడా. "లెక్క తప్పు కాదు. ప్రకటన సగమే చదివావు" అంది. ఆ తర్వాతే అసలు పని. పన్ను కట్టేది యజమాని, మోసేది ఎవరు? రెండో ఏడు పరీక్షలో దీనికి సప్లై, డిమాండ్ గీతలు గీసి, ఎలాస్టిసిటీ (జీతం మారితే తమ నిర్ణయం మార్చుకునే వీలు) ఎవరిది తక్కువైతే వాళ్లే ఎక్కువ మోస్తారని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడ ఆ గీతకి ఒక అడ్డం ఉంది. అదే ఏప్రిల్‌లో కనీస వేతనం, 21 ఏళ్లు దాటినవాళ్లకి, గంటకి 12.21 పౌండ్లు అయ్యింది. కనీస వేతనంలో ఉన్నవాడి జీతం తగ్గించి భారం అతని మీదికి తోసే వీలు చట్టం ఇవ్వదు. మరి ఎటు పోతుంది?

"ఫోన్ చేసి అడుగు" అంది.

సంఘం ఇచ్చిన జాబితాలోంచి తొమ్మిదిమందికి చేశాను. ఇంగ్లీషులో ముక్కూమొహం తెలీనివాళ్లకి ఫోన్ చేయడం, ఆ టెన్షన్ ఏ పరీక్షలోనూ పడలేదు. మొదటి కాల్ ముందు బాత్రూమ్‌లో నిలబడి రిహార్సల్ వేసుకున్నాను. ఇద్దరు ధరలు పెంచుతామన్నారు. నలుగురు గంటలు కోస్తామన్నారు. ఒకాయన వెళ్లిపోయినవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోనన్నాడు. ఒకావిడ ఇద్దరు పార్ట్‌టైమ్ వాళ్ల గంటలు ఒకరికే ఇస్తానంది. ఎందుకంటే ఇద్దరుంటే లెక్కల గొడవ రెండింతలట, ఆ లాజిక్ నాకు సగమే అర్థమైంది. చివరాయన సోమవారాలు మూసేస్తానన్నాడు. నా మోడల్లో సోమవారం లేదు. రిపోర్టులో మాత్రం చేర్చాం, 14వ పేజీలో చిన్న పెట్టె కట్టి. క్లయింటు మీటింగులో అందరూ ఆగింది ఆ పెట్టె దగ్గరే.

డబ్బు సంగతి త్వరగా. జీతం ఏడాదికి 24,000. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పోగా నెలకి చేతికి 1,730 దాకా వచ్చేది. షేరింగ్ ఇంట్లో గదికి 900. మిగిలినదాంట్లో తిండి, రైలు, ఇంటికి కొంచెం. దాచుకున్నది చాలా తక్కువ, కానీ ఇంట్లోంచి పైసా తెప్పించుకోలేదు. ఇక్కడొక హెచ్చరిక. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్‌కి, ఏడాది వరకు, చట్టప్రకారం కనీస వేతనం హక్కు లేదు. అందుకని జీతం లేకుండా చేయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. లండన్‌లో జీతం లేని ఏడాది అంటే అది ఎవరి పిల్లల కోసమో మీరే అర్థం చేసుకోండి.

ఇప్పుడు యూనివర్సిటీ. 4,100 పౌండ్లకి వచ్చినవి: మొదట్లో కెరీర్స్ వాళ్ల రెండు మాక్ ఇంటర్వ్యూలు, అవి నిజంగా బాగున్నాయి. వీడియో ఇంటర్వ్యూలో చూపు ఎక్కడ పెట్టాలో వాళ్లే చెప్పారు. తర్వాత ఏడాది మొత్తంలో ట్యూటర్‌తో రెండు వీడియో కాల్స్, ఒకటి 25 నిమిషాలు, రెండోది ఆయనకి ఇంకో మీటింగ్ ఉందని 15. 3,000 పదాల రిఫ్లెక్టివ్ రిపోర్టు, అంటే ఏం నేర్చుకున్నానో నేనే రాసివ్వాల్సింది. దాని మీద వచ్చిన కామెంట్ రెండు లైన్లు. లైబ్రరీ లాగిన్ పనిచేసింది, అది ఉపయోగపడింది. వీసాకి వాళ్ల అండ ఉండాలి, అది కూడా నిజం. అయినా ఫీజు మొత్తం ఆ నలభై నిమిషాల మీద వేసి చూస్తే నిమిషానికి వంద పౌండ్ల పైనే.

కౌన్సిల్ టాక్స్ (ఉండే ఇంటి మీద స్థానిక కౌన్సిల్‌కి కట్టే పన్ను) గొడవలో అయితే అసలు చేయి పట్టుకోలేదు. ప్లేస్‌మెంట్‌లో ఉన్నా ఫుల్‌టైమ్ విద్యార్థి కిందే లెక్క. మా ఇంట్లో ముగ్గురం, ముగ్గురం విద్యార్థులమే, కాబట్టి కట్టక్కర్లేదు. ఉద్యోగం చేస్తున్నావు కదా అని కౌన్సిల్ బిల్లు పంపింది. యూనివర్సిటీ నుంచి ఒక్క సర్టిఫికెట్ కావాలి. ఏడు వారాలు పట్టింది. ఈలోపు రెండో నోటీసు కూడా వచ్చింది. మాతో ఉండే అక్క మాస్టర్స్ చేస్తోంది, ఇలాంటివి చాలా చూసింది. "ఏడవకే, ఆ మెయిల్‌లో మీ డీన్‌ని కూడా కాపీ పెట్టు" అంది. పెట్టాను. మర్నాడే వచ్చింది సర్టిఫికెట్.

నేను వెళ్లిపోయే నెల, 2025 జూన్‌లో, ఒక చిన్న సంగతి జరిగింది. మే నెలలో ఓఎన్ఎస్ ఏప్రిల్ ద్రవ్యోల్బణం 3.5 శాతమని ఇచ్చింది. ఆ పొద్దుటి పేజీ నేనే రాశాను, ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు, గర్వపడ్డాను. జూన్ మొదటి వారంలో ఓఎన్ఎస్సే చెప్పింది, వాహనాల పన్ను డేటాలో తప్పు దొర్లిందని, దానివల్ల అంకె 0.1 ఎక్కువ వచ్చిందని. నేను మేనేజర్ వైపు చూశాను. ఆవిడ నవ్వి, "వాళ్ల దగ్గర కూడా నీలాంటి పిల్ల ఎవరో ఉండి ఉంటుంది" అంది. రెండేళ్లు క్లాసులో నేను డేటా డౌన్‌లోడ్ చేసుకుని, రెండో నిమిషంలో రిగ్రెషన్ నడిపేదాన్ని. దాన్ని ఎవరు అడిగారు, ఎవరు జవాబివ్వలేదు, ఖాళీ గడిలో ఏం పెట్టారు అని ఒక్కసారి కూడా చూడలేదు. ఉద్యోగులు, నిరుద్యోగుల లెక్క తీసే లేబర్ ఫోర్స్ సర్వేకి జవాబిచ్చేవాళ్లు బాగా తగ్గిపోయి 2023 అక్టోబర్‌లో ఆ అంకెల విడుదల కొన్నాళ్లు ఆపేశారని నేను తెలుసుకున్నది కూడా ఈ ఆఫీసులోనే. అదే సర్వే మీద రెండో ఏడు ప్రాజెక్టు చేసి 72 మార్కులు తెచ్చుకున్నాను.

తిరిగి కాలేజీకి వెళ్లడం అంత సుఖంగా లేదు. నాతో చేరినవాళ్లు గౌన్లు వేసుకుని ఫొటోలు దిగి వెళ్లిపోయారు. క్లాసులో అందరూ నాకంటే ఏడాది చిన్నవాళ్లు, వాళ్ల గుంపులు వాళ్లకి ఉన్నాయి. మొదటి మైక్రో ట్యుటోరియల్‌లో లగ్రాంజియన్ (హద్దుల్లో గరిష్ఠం కనుక్కునే లెక్క) రాయమంటే చేయి ఆగిపోయింది. పదిహేను నెలలుగా ఒక్క డెరివేటివ్ చేయలేదు మరి. ఆగస్టులో రెండు వారాలు పాత నోట్సు తిరగేసి ఉంటే ఆ పరువు దక్కేది. మీరు వెళ్తే ఆ పని చేయండి. ప్లేస్‌మెంట్‌లో వాడిన ఎక్సెల్ ఫైళ్లు ఏవీ బయటికి తెచ్చుకోనివ్వరు కాబట్టి, నేర్చుకున్న ఫార్ములాలు, పద్ధతులు ప్రతి శుక్రవారం సొంత నోటుబుక్కులో రాసుకోండి, క్లయింటు పేర్లూ అంకెలూ లేకుండా. నేను జనవరిలో మొదలుపెట్టాను. ముందు ఆరు నెలలవి పోయాయి.

డిసర్టేషన్ పార్ట్‌టైమ్ ఉద్యోగుల మీదే పెట్టుకున్నాను. గైడు మొదటి మీటింగులో "కంట్రోల్ గ్రూపు ఏది?" అని అడిగారు, అంటే ఆ ఇంటర్వ్యూలో విన్న "లేనిచోటు ఏది?" అన్న ప్రశ్నే. ఈసారి నా దగ్గర జవాబు ఉంది. ఆ జవాబులో ఏం తప్పుందో కూడా రెండో పేజీలో రాసి తీసుకెళ్లాను.

కన్సల్టెన్సీ వాళ్లు డిగ్రీ అయ్యాక రమ్మన్నారు. ఎక్కువకాలం అక్కడే చేయాలంటే మాత్రం స్పాన్సర్‌షిప్ కావాలి, ఈసారి ఆ గడిలో "అవును" కొట్టక తప్పదు. జవాబు ఇంకా రాలేదు.